గుర్రానికి గింజల దాణా: ఉలవలు ఉడికించాలా, బార్లీ పగలగొట్టించాలా, అలాగే వేయాలా?

ప్రశ్న
అడిగినవారు: సిద్దిపేట రైతు

అందరికీ నమస్కారం. సిద్దిపేట దగ్గరలోని మా పొలంలో రెండు కాఠియావాడీ ఆడగుర్రాలను పెంచుతున్నాను. పెద్దదానికి పద్దెనిమిదేళ్లు ఉంటాయి. ఒకప్పుడు పెళ్లి ఊరేగింపులకు తిరిగిన ఆ గుర్రానికి ఇప్పుడు పనేమీ లేదు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెతను మా ఇంట్లోవాళ్లు రోజూ నాకు గుర్తుచేస్తూనే ఉన్నా, దాని దాణా మాత్రం నేను తగ్గించలేదు. చిన్నదానికి ఆరేళ్లు. ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో ఉదయం ఒక గంటసేపు దానిమీద స్వారీ చేస్తాను. రెండూ చెరొక 350 కిలోల బరువు ఉంటాయని కొలతల టేపుతో వేసిన అంచనా.

ఇప్పుడు ఒక్కొక్కదానికి పూటకు కిలోన్నర చొప్పున రోజుకు రెండు పూటలు దాణా పెడుతున్నాను. ఆ కిలోన్నరలో 500 గ్రాముల ఉలవలు, 400 గ్రాముల మొక్కజొన్న, 300 గ్రాముల జొన్నలు, 300 గ్రాముల గోధుమ తవుడు ఉంటాయి. గింజలన్నింటినీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉడికించకుండానే తవుడుతో కలిపి పెడతాము. మేతకు మా పొలంలోనే వేసిన సూపర్ నేపియర్ గడ్డి కోసి వేస్తాము.

కొంతకాలంగా పెద్దగుర్రం లద్దెలో జొన్నలూ మొక్కజొన్నలూ ఎలా లోపలికి వెళ్లాయో అలాగే బయటికి వస్తున్నాయి. ఇంత తిన్నా అది చిక్కిపోతోంది. చిన్నది మాత్రం మెడమీద కొవ్వు పట్టి, పట్టపగ్గాలు లేనంత హుషారుగా ఉంటోంది. గుర్రాలను అమ్మినాయన గింజను గింజగానే వేయాలంటాడు. గుర్రాలను చూసుకునే మా సయీసు అన్నీ మరపట్టించి పిండి చేసి పెడదామంటాడు. దాణా దుకాణంలో అడిగితే ఈ గొడవంతా ఎందుకు, గుళికల దాణా కొనుక్కోండి అన్నారు. నాకు సొంతంగా గింజలు కొని తయారు చేసుకోవడమే ఇష్టం. ఏ గింజను ఎలా తయారు చేస్తే గుర్రానికి ఒంటబడుతుందో, ఎంత పెట్టాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి. బార్లీ, ఓట్స్ కూడా తెప్పించుకోగలను.

మొదటి సమాధానం
రాసినవారు: జట్కావారి మనవడు

సిద్దిపేట రైతు గారికి నమస్కారం. మా తాతగారు తెనాలి రైల్వే స్టేషను దగ్గర చాలా ఏళ్లు జట్కా నడిపారు. నాకు శాస్త్రం తెలియదు కానీ, ఉలవల విషయంలో ఆయన చేసిన పని చిన్నప్పటి నుంచి కళ్లారా చూశాను కనుక అది మాత్రం చెప్పగలను.

ఆయన ఏనాడూ నానబెట్టిన పచ్చి ఉలవలు గుర్రానికి వేయలేదు. రాత్రి రాళ్లు ఏరి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి నానవేసేవారు. తెల్లవారుజామున ఆ నీళ్లు పారబోసి, ఉలవలకు నాలుగింతలు కొత్త నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టేవారు. గింజ పగిలి, రెండు వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు తగలకుండా నలిగిందాకా దించేవారు కాదు. తరవాత నీళ్లు వంచేసి, గుగ్గిళ్లను గోనెపట్టా మీద పలచగా ఆరబోసి, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలినప్పుడు గుప్పెడు తవుడూ ఉప్పూ కలిపి, అంగుళం ముక్కలుగా కోసిన వరిగడ్డిని అందులో పొర్లించి పెట్టేవారు. వంచిన నీళ్లు నాయనమ్మ వంటింట్లోకి వెళ్లేవి. మా వైపు ఉలవచారు రుచి అంతా పశువులకూ గుర్రాలకూ వండిన గుగ్గిళ్ల పుణ్యమే.

ఆయన అంత పట్టుదలగా ఉండటానికి ఒక కారణం ఉంది. నేను పుట్టక ముందు ఒక రాత్రి కట్టు తెంచుకున్న గుర్రం ఉలవల బస్తా చింపి, కడుపునిండా పచ్చి గింజలు తిని, ఆపైన తొట్టెడు నీళ్లు తాగిందట. లోపల గింజలు ఉబ్బి పొట్ట బిగిసిపోయింది. తెల్లవారేసరికి గుర్రం పోయింది. మనిషికి పడనిది తింటే వాంతి అవుతుంది. గుర్రానికి ఆ అవకాశం దేవుడు ఇవ్వలేదు. అందుకే మా ఇంట్లో దాణా గదికి తాళం వేయడం, అన్నం వండటం అంత మామూలు పని అయిపోయింది.

ఎండాకాలం పొద్దున వండిన గుగ్గిళ్లు సాయంత్రానికి పులిసి, జిగురు తీస్తాయి. అవి ఎంత మిగిలినా పారబోయవలసిందే. మీరు రెండు పూటలా పెట్టదలిస్తే రెండు పూటలా వండుకోండి.

రెండవ సమాధానం
రాసినవారు: పశువైద్యుడు, కరీంనగర్

అడిగినవారు తూకాలతో సహా రాశారు కనుక సమాధానం కూడా తూకాలతోనే చెప్పవచ్చు. గింజను అలాగే వేయాలా, పగలగొట్టాలా అన్న ప్రశ్న కన్నా ముందుగా తేల్చుకోవలసింది, గుర్రం పొట్టలోకి ఒక్క పూటలో ఎంత పిండిపదార్థం వెళుతోందన్నది.

గుర్రం జీర్ణాశయం దాని శరీరంతో పోలిస్తే చాలా చిన్నది. గింజలలోని పిండిపదార్థం చిన్నపేగులో జీర్ణమై రక్తంలోకి వెళ్లాలి. అక్కడ అరగని పిండి పెద్దపేగుకు చేరితే, గడ్డిని పులియబెట్టడానికి అక్కడ ఉండే సూక్ష్మజీవుల సమతౌల్యం చెడి, ఆమ్లం పెరుగుతుంది. దాని ఫలితమే మనం చూసే శూల, పలచని లద్దె. డెక్క లోపలి పొరలు వాచి, గుర్రం నిలబడలేని స్థితికి వచ్చే లామినైటిస్‌కు కూడా ఇదొక ముఖ్యమైన కారణం. అందుకే ఒక పూటకు, ఒక కిలో శరీర బరువుకు ఒక గ్రాముకు మించి పిండిపదార్థం పెట్టకపోవడం క్షేమమని ఇప్పుడు ఎక్కువమంది పోషకాహార నిపుణులు చెబుతున్నారు. మీ గుర్రానికి ఆ లెక్కన పూటకు 350 గ్రాములు హద్దు. మొక్కజొన్నలోనూ జొన్నలోనూ దాదాపు 70 శాతం పిండిపదార్థమే కాబట్టి, మీరు వేస్తున్న 700 గ్రాముల నుంచే సుమారు 490 గ్రాములు వస్తోంది. ఉలవలూ తవుడూ ఇచ్చేది దానికి అదనం. చిన్నగుర్రం హుషారుకు కారణం వేరే వెతకనక్కరలేదు.

ఇక తయారీ. అన్ని గింజలకూ ఒకే పద్ధతి పనికిరాదు. ఓట్స్‌లోని పిండి పచ్చిగా ఉన్నప్పుడు కూడా గుర్రం చిన్నపేగులో చాలావరకు అరిగిపోతుంది. మొక్కజొన్న, బార్లీల పిండి అలా అరగదు. దానిని లొంగదీయడానికి నీరూ వేడీ రెండూ కావాలి. అవి రెండూ కలిసినప్పుడే గింజలోని పిండి ఉబ్బి, గంజిలా జిగురుగా మారి, జీర్ణరసాలకు అందుతుంది. రాత్రంతా చల్లని నీళ్లలో నానబెడితే గింజ మెత్తబడి నమలడానికి తేలికవుతుంది తప్ప లోపలి పిండి స్వభావం మారదు. మీ పద్ధతిలోని లోపం అదే. బార్లీని నానబెట్టి, గింజ నోరు తెరిచేవరకు బాగా ఉడికించి పెట్టండి. ఉలవల మాట జట్కావారి మనవడు గారు చెప్పినట్టే చేయండి. పచ్చి ఉలవలలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. ఉడికిస్తే అవి చాలావరకు నశిస్తాయి. ఉలవలలో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులే కాబట్టి, పని లేని గుర్రానికి రోజుకు కిలో ఉలవలు దండగ.

సయీసు చెప్పిన పిండి ఆలోచనను మానుకోండి. మెత్తని పిండి దుమ్మై ముక్కులోకి, ఊపిరితిత్తులలోకి వెళుతుంది, తడిపితే ముద్ద కడుతుంది, నమలకుండానే గొంతు దిగుతుంది. గుర్రానికి లాలాజలం నమిలినప్పుడు మాత్రమే ఊరుతుందన్న సంగతి చాలామంది ఎరుగరు. నమలడం తగ్గితే జీర్ణాశయంలోని ఆమ్లానికి విరుగుడు కూడా తగ్గినట్టే.

పెద్దగుర్రం సంగతి వేరు. లద్దెలో గింజలు పడటం వయసుతో పాటు పళ్లు చెడిన గుర్రంలో సాధారణంగా కనిపించే లక్షణం. గుర్రం పై దవడ కింది దవడ కన్నా వెడల్పు కనుక, నమిలేకొద్దీ పై పళ్ల వెలుపలి అంచులూ కింది పళ్ల లోపలి అంచులూ కత్తుల్లా పదునెక్కి బుగ్గలనూ నాలుకనూ కోస్తాయి. గడ్డిని సగం నమిలి ఉండలుగా కింద పడవేస్తోందేమో గమనించండి. పశువైద్యుని చేత నోరు చూపించి, ఆ అంచులను ఆకురాయితో అరగదీయించండి. ఈ పని ఏడాదికి ఒకసారైనా జరగాలి. అది చేయకుండా దాణా ఎన్ని రకాలుగా వండినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. గుప్పెడు లద్దెను జల్లెడలో వేసి నీళ్లతో కడిగితే మిగిలేది గింజో, ఒట్టి పొట్టో తేలిపోతుంది. వేళ్లతో నొక్కితే బోలుగా చితికేది పొట్టు, గట్టిగా నిలిచేది అరగని గింజ.

మీరు అడగకపోయినా, మీ మేత నన్ను దాణా కన్నా ఎక్కువ కలవరపెట్టింది. నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. దానికి తోడు గోధుమ తవుడులో కాల్షియం చాలా తక్కువ, భాస్వరం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రెండూ కలిసి నెలల తరబడి సాగితే, గుర్రం తన ఎముకలలోని కాల్షియాన్నే కరిగించుకుంటుంది. ముఖం ఎముకలు ఉబ్బడం, ఒకనాడు ఒక కాలు, మరొకనాడు మరొక కాలు కుంటడం దాని గుర్తులు. పూర్వం పిండిమరల యజమానులు మిగిలిన తవుడంతా తమ గుర్రాలకే పెట్టేవారు కనుక ఐరోపాలో దీనికి మరవాడి జబ్బు అన్న పేరు కూడా ఉండేది. ఆవులకూ గేదెలకూ నేపియర్ మంచి మేతే. గుర్రానికి అదొక్కటే మేత కారాదు. గరిక, మంచి ఎండుగడ్డి ప్రధానంగా ఉంచి, కాల్షియం పుష్కలంగా ఉండే లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత కొంత చేర్చండి. తవుడును పూటకు గుప్పెడుకు దించి, దాణాకు వాడదగిన కాల్షియం కార్బొనేట్ పొడి రోజుకు 25 గ్రాములు కలపండి. తాంబూలంలో వేసే సున్నం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు.

350 కిలోల గుర్రానికి రోజుకు తేమ లెక్క కాకుండా 5 నుంచి 7 కిలోల మేత కావాలి. పచ్చిగడ్డిలో ఎక్కువ భాగం నీరే కాబట్టి అది 25 నుంచి 35 కిలోల పచ్చిమేతకు సమానం. మేత సరిపడా ఉంటే, గంటసేపు తేలికపాటి స్వారీ చేసే గుర్రానికి గింజల అవసరం మీరనుకున్నంత లేదు. జొన్న, మొక్కజొన్న తీసివేసి, ఎండు తూకంలో పూటకు 250 గ్రాముల ఉలవలు, 300 గ్రాముల బార్లీ ఉడికించి పెట్టి నెల రోజులు చూడండి. చిన్నదానికి ఇందులోనూ సగం చాలు. మార్పును ఒక్క రోజులో కాక పది రోజులలో కొంచెం కొంచెంగా చేయండి.

అడిగినవారి మాట
సిద్దిపేట రైతు

డాక్టరు గారికి, మనవడు గారికి కృతజ్ఞతలు. జల్లెడ పరీక్ష ఈ ఉదయమే చేశాను. పెద్దదాని లద్దెలో పొట్టు కన్నా గట్టి గింజలే ఎక్కువగా కనిపించాయి. గడ్డి ఉండలు కూడా తొట్టి కింద ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి ఆకతాయితనం అనుకున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. చిన్నదానికి బార్లీ బదులు ఓట్స్ వేస్తే పగలగొట్టించాలా? మా ఇంట్లో ఇప్పటికే రెండు బస్తాల మొక్కజొన్న ఉంది. ఒక బస్తా అడుగున కొద్దిగా బూజు వాసన వస్తోంది. ఎండబెట్టి, బాగా ఉడికించి వాడేయవచ్చునా?

మూడవ సమాధానం
రాసినవారు: స్వారీశాల, బెంగళూరు

నేను బెంగళూరులో ఒక స్వారీ శిక్షణశాలలో గుర్రాల పోషణ చూసుకుంటున్నాను. సొంత ఊరు హిందూపురం. ఓట్స్ గురించి నా అనుభవం చెబుతాను.

పళ్లు బాగున్న ఆరేళ్ల గుర్రానికి ఓట్స్ పగలగొట్టించవలసిన అవసరం లేదు. నలగ్గొట్టిన ఓట్స్ కొంచెం తేలికగా అరిగే మాట నిజమే కానీ ఆ లాభం స్వల్పం. పైగా గింజ పగిలిన క్షణం నుంచి లోపలి నూనె గాలి తగిలి చెడటం మొదలవుతుంది. మా శాలలో ముసలి గుర్రాల కోసం మాత్రమే నలగ్గొట్టిన ఓట్స్ తెప్పిస్తాము. అదీ రెండు వారాలకు సరిపడా మాత్రమే. మిగిలిన గుర్రాలకు గింజ గింజగానే వెళుతుంది. ఆబగా మింగే గుర్రం ఉంటే, తొట్టిలో పిడికిలి కన్నా పెద్దవైన నున్నని గుండ్రాళ్లు మూడు నాలుగు వేస్తాము. వాటిని పక్కకు తోసుకుంటూ తినవలసి రావడంతో అది నిదానంగా నములుతుంది. తరిగిన ఎండుగడ్డి కలిపినా ఇదే ఫలితం.

కొత్తగా వచ్చిన సయీసులు అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. వారు దాణాను డబ్బాతో కొలుస్తారు. ఓట్స్ పొట్టుతో ఉండే తేలిక గింజ. అదే డబ్బాలో మొక్కజొన్న నింపితే బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. బరువే కాదు, పిండిపదార్థం కూడా ఎక్కువ కావడంతో, నిన్న ఒక డబ్బా ఓట్స్ తిన్న గుర్రం ఈరోజు ఒక డబ్బా మొక్కజొన్న తింటే దానికి అందే పిండి రెట్టింపు కన్నా ఎక్కువ. పదిహేను వందలు పెట్టి ఒక వేలాడే తూకం కొనుక్కోండి. అది ఏ టానిక్కు కన్నా మేలు చేస్తుంది.

మీరు ఆదివారం స్వారీ లేదన్నారు. ఆ రోజు గింజలు సగానికి సగం తగ్గించి, గడ్డి పెంచండి. సెలవు రోజున పూర్తి దాణా తిని నిలబడిన గుర్రం మరునాడు పని మొదలుపెట్టగానే వెనక కండరాలు కొయ్యబారి, చెమటలు కక్కి, అడుగు వేయలేకపోవడం నేను రెండుసార్లు చూశాను. బండ్లకు గుర్రాలు కట్టిన కాలంలో ఇంగ్లీషువారు దీనిని సోమవారపు ఉదయపు జబ్బు అనేవారు. దాణా అయిన వెంటనే స్వారీకి దిగకండి, కనీసం గంటన్నర ఆగండి. గింజలకు ముందు కాస్త గడ్డి వేయడం, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం మీరు చేస్తూనే ఉంటారనుకుంటాను.

నాలుగవ సమాధానం
రాసినవారు: పశువైద్యుడు, కరీంనగర్

ఓట్స్ విషయంలో బెంగళూరు వారి మాటతో ఏకీభవిస్తాను. గింజలకు ముందు నీళ్లూ గడ్డీ అన్న క్రమం కూడా సరైనదే.

మొక్కజొన్న గురించి మాత్రం వెంటనే రాయకపోతే తప్పవుతుంది. బూజు వాసన వస్తున్న బస్తాను గుర్రాలకు ఏ రూపంలోనూ వేయవద్దు. మొక్కజొన్నను పట్టే ఫ్యూజేరియం అనే బూజు ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషం గుర్రం మెదడులోని తెల్లని భాగాన్ని కరిగించివేస్తుంది. గుర్రం తూలుతుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది, చూపు పోతుంది. లక్షణాలు కనిపించాక చికిత్స లేదు. ఎండబెట్టినా, ఉడికించినా బూజు చస్తుందే గాని విషం పోదు. మిగతా పశువులు తట్టుకోగలిగే మోతాదును కూడా గుర్రం తట్టుకోలేదు. బూజు పైకి కనిపించని గింజలో కూడా విషం ఉండవచ్చు కనుక, వాసన లేని రెండో బస్తాను సైతం నేనైతే గుర్రాలకు వాడను.

ఇంకొక హెచ్చరిక. మన జిల్లాలలో కోళ్లఫారాలు ఎక్కువ. కోళ్ల దాణాలో రక్తవిరేచనాల నివారణకు మోనెన్సిన్ వంటి మందులు కలుపుతారు. కోడికి మందయిన ఆ పదార్థం గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి, చాలా కొద్ది మోతాదులోనే చంపుతుంది. మీరు బార్లీ గాని ఓట్స్ గాని నలగ్గొట్టించవలసి వస్తే, కోళ్ల దాణా పట్టే మరలో మాత్రం పట్టించకండి. మర గొట్టంలో మిగిలిన పొడి కూడా ప్రమాదమే. ఇంట్లో రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోవడం అన్నిటికన్నా నిశ్చింత.

పచ్చజొన్న చొప్ప కూడా మేతగా వేయకండి. లేత జొన్నలో సైనైడు ప్రమాదం పశువులన్నింటికీ తెలిసినదే. గుర్రాలకు అదనంగా, పచ్చజొన్న చాలాకాలం తింటే మూత్రం అదుపు తప్పి, వెనక కాళ్లు తూలే జబ్బు వస్తుంది.

అయిదవ సమాధానం
రాసినవారు: జట్కావారి మనవడు

డాక్టరు గారు రోలు మాట ఎత్తారు కనుక ఒక చిన్న సంగతి. దంచే ముందు బార్లీ మీద కొద్దిగా నీళ్లు చల్లి, అరగంట గోనె కప్పి ఉంచితే గింజ పిండి కాకుండా అప్పచ్చిలా అణుగుతుంది, దుమ్ము లేవదు. తడి తగిలిన గింజ నిలవ ఉండదు కాబట్టి ఆ పూటకు సరిపడా మాత్రమే దంచాలి. మార్కెట్లో బార్లీ కొనేటప్పుడు వంటకు వాడే తెల్లని, పాలిష్ పట్టిన బార్లీ కాకుండా పొట్టుతో ఉన్నది అడగండి. హిందీ మాట్లాడే వ్యాపారులు దానిని జౌ అంటారు.

అడిగినవారి మాట
సిద్దిపేట రైతు

మొక్కజొన్న బస్తాలు రెండూ గుర్రపుశాల నుంచి తీయించేశాను. బూజు పట్టినదాన్ని పెంటకుప్పలో కలిపి, మన్ను కప్పించాను. పెద్దదాని పళ్లు చూడటానికి డాక్టరు గారు బుధవారం వస్తామన్నారు. నేపియర్ మడిలో సగం దున్నించి లూసర్న్ విత్తనం వేయిద్దామని ఉంది. అంతవరకు పక్క ఊరి చెరువుగట్టు మీద గరిక కోయిస్తున్నాము. నిన్న రాత్రి మొదటిసారి అరకిలో ఉలవలు వండి, రెండు గుర్రాలకూ పాత దాణాలో కొంచెం కొంచెంగా కలిపి పెట్టాము. వంచిన నీళ్లు మా ఆవిడ తీసుకుపోయింది.